మిస్సమ్మ అభిజ్ఞానము: తెలుగు ప్రణయ ప్రహసనమున వివాహ ప్రతిబంధము

ఆంగ్లమున ‘రొమాంటిక్ కామెడీ’ యని వ్యవహరింపబడు ప్రక్రియకు తెలుగున స్థిరపడిన పేరు లేదు. ఈ వ్యాసమున దానిని ‘ప్రణయ ప్రహసనము’ అని వ్యవహరింతును. లాక్షణికులు ఈ సమాసము నంగీకరింపకపోవచ్చును. ప్రహసనమున హాస్యము అంగి; శృంగారమునకు అచ్చట పెద్ద చోటు లేదు. మహేంద్రవర్మ ‘మత్తవిలాసము’ వంటి రచనలలో నున్నది పాషండ పరిహాసమే కాని ప్రణయము కాదు. అయినను శృంగారమునుండి హాస్యము పుట్టునని భరతుడే చెప్పియున్నాడు గనుక ఈ రెండింటిని ఒక సమాసమున కూర్చుట అపచారము కాదని నా యభిప్రాయము.

పేరు లేని వస్తువు ఇంకొకటి కలదు. స్త్రీపురుషులు పెద్దల ప్రమేయము లేక కలిసికొని, ఒకరినొకరు తెలిసికొని, పెండ్లి మాట అటుంచి కొంతకాలము స్నేహముగా మెలగు ఆచారమును ‘డేటింగు’ అందురు. దీనికి నేటికిని తెలుగు మాట లేదు. ‘సహజీవనము’ అనునది వేరొక దశకు పేరు. అమెరికాలో సయితము ఇది అనాదిగా వచ్చిన ఆచారము కాదు. ‘డేటు’ అను మాట ఈ యర్థమున 1896లో షికాగో పత్రికా రచయిత జార్జి ఏడ్ వ్రాతలలో కానవచ్చుచున్నది. అంతకు పూర్వము అచ్చటి మధ్యతరగతి కుటుంబములలో యువకుడు యువతి ఇంటికి పోయి, తల్లి కనుసన్నలలో, ముందుగదిలో కూర్చుండి మాటలాడి వచ్చెడివాడు. ప్రణయము ఇంటినుండి వీథికి, తల్లి యధీనమునుండి యువకుని జేబులోని డబ్బు అధీనమునకు మారిన తీరును బెత్ బెయిలీ 1988లో వెలువరించిన గ్రంథమున విపులముగా చర్చించినది. ఆ ముందుగది మనకు పరాయిది కాదు. మన పెండ్లిచూపులును ముందుగదిలోనే జరుగును. భేదమేమనగా, మన యువతీయువకులు ఆ గదినుండి వీథిలోనికి రాక చాల కాలము అక్కడనే యుండిరి. తెలుగు ప్రణయ ప్రహసన చరిత్ర ఆ గదికిని వీథికిని నడుమ జరిగిన రాకపోకల చరిత్ర. ఆ చరిత్ర నాటకములకంటె చలనచిత్రములలో స్పష్టముగా కానవచ్చుచున్నందున ఇచ్చట చిత్రములనే ప్రధానముగా గ్రహించితిని. తెలుగు శాఖలో చలనచిత్రమును గూర్చి వ్రాయుట తగునా యను శంక కొందరు పెద్దలకు కలదు. పింగళి నాగేంద్రరావును, ముళ్ళపూడి వెంకటరమణను వదలి ఇరువదవ శతాబ్దపు తెలుగు హాస్యమును గూర్చి వ్రాయుట ఎట్లో ఆ పెద్దలు చెప్పవలసియున్నది.

ప్రణయకథకు ప్రతిబంధము ప్రాణము. నాయికానాయకులు కలిసికొనుటకు అడ్డేమియు లేనిచో కథ లేదు. ఆ యడ్డు ఏది, అది ఎట్లు తొలగును అను రెండు ప్రశ్నలు వేసికొన్నచో ఏ కాలపు ప్రణయ ప్రహసనమైనను తన కాలపు వివాహవ్యవస్థను బయటపెట్టును.

క్రీస్తు పూర్వము నాలుగవ శతాబ్ది చివర ఏథెన్సున మెనాండరు వ్రాసిన నాటకములలో ఈ ప్రతిబంధము తరచు శాసనరూపమున నుండును. క్రీ. పూ. 451లో పెరిక్లీసు చేయించిన శాసనము ననుసరించి తల్లిదండ్రులిరువురును పౌరులైననే సంతానమునకు పౌరత్వము లభించును. కావున పౌరుడు పరాయి పిల్లను వలచినచో ధర్మపత్నిగా స్వీకరింప వీలులేదు. కవి దీనికి కనిపెట్టిన ఉపాయము అభిజ్ఞానము. శైశవమున విడువబడిన పిల్ల తనతో నుంచబడిన ఆనవాళ్ళవలన పౌరుని బిడ్డయని తేలును. మెనాండరు ‘పెరికెయిరొమెనె’ అను నాటకమున గ్లికెరా యను యువతి ఈ రీతినే తన తండ్రిని కనుగొని, తన్ను వలచి అవమానించిన సైనికుని పెండ్లాడును. శాసనము చెక్కుచెదరదు, ప్రేమయును గెలుచును.

మన నాటికలలో నున్నదియు ఇట్టి యుపాయమే. హర్షుని ‘రత్నావళి’లో సాగరిక దాసిగా అంతఃపురమున చేరినది, రత్నమాలవలన సింహళరాజపుత్రి యని తెలియగనే వాసవదత్తయే ఆమెను రాజున కొప్పగించును. కాళిదాసుని మాళవిక విదర్భ రాజకుమారి యని తేలుటయు నట్టిదే. ఇచ్చట ప్రతిబంధము పౌరత్వము కాదు, కులీనత. నాయకుని మనస్సు ముందుగనే ఎరిగిన దానిని లోకము వెనుక నెరుగును. దాసిని ప్రేమించిన రాజు చివరకు దాసిని పెండ్లాడడు. అతడు వలచినది మొదటినుండియు రాజపుత్రికయే! ప్రేక్షకుడు తృప్తి చెందును, వర్ణవ్యవస్థ సురక్షితముగ నుండును. ఈ అంశమును జ్ఞాపకముంచుకొని ముందునకు పోవలెను.

పందొమ్మిదవ శతాబ్దమున తెలుగు హాస్యనాటకమునకు వివాహమే ప్రధాన వస్తువైనను అందు ప్రేమికులు లేరు. వీరేశలింగము ‘బ్రాహ్మవివాహము’నను, 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చై 1909లో పెంచి తిరుగవ్రాయబడిన గురజాడ ‘కన్యాశుల్కము’నను పెండ్లి బేరము కలదు, దళారులు కలరు, వితంతువు కలదు, వేశ్య కలదు; పరస్పరము వరించు ఈడైన కన్యయు యువకుడును లేరు. గిరీశము బుచ్చమ్మకు చెప్పు మాటలను ప్రణయమని ఎవరును భ్రమపడరు. కారణము స్పష్టము. పదియేండ్లలోపు వివాహము జరుగు సంఘములో వరణమునకు తావెక్కడిది? కవికి శక్తి చాలక కాదు, సంఘమున పాత్ర లేక. 1929లో చేయబడి 1930 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చిన శారదా చట్టము బాలికకు 14, బాలునకు 18 సంవత్సరములు కనీస వయస్సుగా నిర్ణయించినది. చట్టము సరిగా అమలు కాలేదని అందరెరిగినదే. కాని బాలికల విద్యయు, వయస్సును కలిసి పెరిగిన కొలది ఒక క్రొత్త పాత్రకు చోటేర్పడినది. చదువుకొన్నది, పెండ్లి కానిది, ఉద్యోగము వెదకుకొనుచున్నది అయిన యువతియే ఆ పాత్ర. ఆమె రంగమునకు రానిదే ప్రణయ ప్రహసనము పుట్టదు.

1952లో విజయా సంస్థ నిర్మించిన ‘పెళ్ళి చేసి చూడు’ ఈ రెండు యుగముల సంధిలో నిలిచినది. ఎల్. వి. ప్రసాదు దర్శకుడు, చక్రపాణి రచయిత. వరకట్నము చెల్లలేదని పీటలమీదినుండి కుమారుని తీసికొనిపోయిన తండ్రిని కొడుకు పిచ్చివానివలె నటించి, కోడలు నర్సు వేషమున వచ్చి లొంగదీయుదురు. వీరిరువురును అప్పటికే దంపతులు. కావున కన్యాశుల్కమునకు వరకట్నము ఎదురై నిలిచిన ఈ చిత్రము సంస్కరణ ప్రహసన శాఖకు చెందినదే. అయినను ఒక విశేషము కలదు. భార్యాభర్తలు తమ కాపురమునకై నటింపవలసివచ్చుట, వేషము వేయవలసివచ్చుట ఇచ్చట ఆరంభమైనది.

మూడు సంవత్సరముల తరువాత అదే సంస్థ, అదే దర్శకుడు, అదే రచయిత ఈ నటనను తలక్రిందులుగా ప్రయోగించిరి. 1955 జనవరి 12వ తేదీన విడుదలయైన ‘మిస్సమ్మ’ కథ పాఠకులకు తెలియనిది కాదు. నిరుద్యోగులైన ఇరువురు పట్టభద్రులు, ఎం. టి. రావు హిందువు, మేరీ క్రైస్తవ, అప్పాపురము జమీందారు గోపాలము తన పాఠశాలకు భార్యాభర్తలైన ఉపాధ్యాయులు కావలెనని చేసిన ప్రకటనను చూచి దంపతులమని చెప్పుకొని ఉద్యోగమున చేరుదురు. మేరీకి ఈ సాహసమున కారణము అప్పు. ఆ అప్పు చూపి డేవిడు ఆమెను వేధించుచుండును. గోపాలము దంపతులు వీరిని కన్నబిడ్డలవలె ఆదరింతురు. గోపాలము రెండవ కుమార్తె సీత రావు వద్ద సంగీతము నేర్చుకొనుటతో మేరీకి అసూయ కలుగును. ఔత్సాహిక పరిశోధకుడైన మేనల్లుడు రాజు, చిన్ననాడు తప్పిపోయిన పెద్ద కూతురు మహాలక్ష్మి కొరకు వెదకి వెదకి, ఆ మహాలక్ష్మి మేరీయే యని కాలి పుట్టుమచ్చ మూలమున నిర్ధారించును. ఎన్. టి. రామారావు, సావిత్రి, ఎస్. వి. రంగారావు, అక్కినేని నాగేశ్వరరావు, జమున, రేలంగి, రమణారెడ్డి నటించిరి. మేరీ పాత్రకు మొదట నిర్ణయింపబడినది భానుమతి; కొంతభాగము చిత్రీకరించిన పిమ్మట ఆమె తొలగగా సావిత్రికి ఆ పాత్ర లభించినది. ఆ మార్పు తెలుగు చిత్రచరిత్ర కెంత మేలు చేసినదో వేరుగ చెప్పనక్కరలేదు. రెండు రోజుల తేడాతో తమిళమున ‘మిస్సియమ్మ’గా విడుదలయైన ఈ కథ 1957లో ఏ. వి. ఎం. సంస్థ ద్వారమున ‘మిస్ మేరీ’గా హిందీకి పోయినది.

కథకు మూలము రవీంద్రనాథ మైత్ర బంగభాషలో రచించిన ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ నాటకము. ఇది 1935లో చలనచిత్రముగ వచ్చినది. శరచ్చంద్రుని తెలుగువారి ఇంటింటికి చేర్చిన అనువాదకుడు చక్రపాణియే గనుక, ఆయన చేతులమీదుగా ఒక బంగ ప్రహసనము కూడ వచ్చి చేరుటలో వింతలేదు. తెలుగు నవలకు బంగసాహిత్యము చేసిన మేలును గూర్చి మనవారు విరివిగా వ్రాసిరి. తెలుగు హాస్యమునకు చేసిన మేలును గూర్చి వ్రాసినది తక్కువ.

ఈ చిత్రమున ప్రణయమునకు హేతువు సౌందర్యదర్శనము కాదు, ఉద్యోగము. నాయికానాయకులు ఒకరినొకరు చూచి మోహింపలేదు. ఒక ప్రకటనను చూచి జతకూడిరి. ప్రకటనలోని నిబంధనయే వారికి పురోహితుడు. దాంపత్యపు బాహ్యాచారమంతయు ముందు జరిగిపోవును. ఒకే ఇల్లు, ఒకే సంసారము, ఇరుగుపొరుగుల గౌరవము, అప్పుడప్పుడు కలహము. ప్రేమ వెనుక మెల్లగా వచ్చి చేరును. పెండ్లియైన తరువాత ప్రేమ పుట్టునని మన పెద్దలు చెప్పు సిద్ధాంతమును చక్రపాణి ఎంత కొంటెగా నిజము చేసెనో గమనింపుడు! ఇచ్చట పెండ్లి అబద్ధము, దానివలన పుట్టిన ప్రేమ నిజము.

1934లో అమెరికాలో వచ్చిన ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’ చిత్రముతో దీనిని పోల్చి చూచుట ఉపయుక్తము. ఆ చిత్రమునను అవివాహితులైన యువతీయువకులు ప్రయాణములో దంపతులుగా నటించి ఒకే గదిలో నుందురు. ఇరువురి మంచముల నడుమ ఒక దుప్పటి వ్రేలాడుచుండును. కాని అది కొన్ని రాత్రుల నటన, ఎరుగని మనుష్యుల ఎదుట. అప్పాపురమున నటన నెలల తరబడి, నిత్యము, ప్రేమగా చూచు పెద్దల కన్నులయెదుట సాగవలెను. అమెరికా జంటకు అడ్డు ఒక దుప్పటి, ఒక ధనికుని అభిప్రాయము. ఈ జంటకు అడ్డు మతము.

ఇక అసలు ప్రశ్న. మేరీ, రావు నిజముగనే పరస్పరము ప్రేమించిరి. ఆ ప్రేమ అభిజ్ఞానమునకు పూర్వమే మేరీ అసూయలో స్పష్టపడినది. అట్లయినచో వారి వివాహమునకు మహాలక్ష్మి ఏల కావలసివచ్చెను?

మెనాండరు నాయికకు తండ్రిని వెదకిపెట్టుట తప్పనిసరి. శాసనము వేరుదారి చూపలేదు. 1955 నాటి మద్రాసులో, ఆంధ్రరాష్ట్రమున శాసనపు స్థితి ఎట్లున్నదో చూతము. 1872 నాటి ప్రత్యేక వివాహ చట్టము క్రింద పెండ్లాడువారు తాము క్రైస్తవ, హైందవాది మతములలో దేనిని అవలంబింపనివారమని ప్రకటింపవలసియుండెను. 1923లో చేసిన సవరణ హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము మతత్యాగము లేకయే పెండ్లాడుటకు అవకాశ మిచ్చినది. క్రైస్తవులకు ఆ సవరణ వర్తింపలేదు. అయితే పెండ్లాడువారిలో ఒకరు క్రైస్తవులైనను చాలునని 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము వేరొక ద్వారము తెరచియుంచినది. స్వతంత్ర భారత పార్లమెంటు 1954లో క్రొత్త ప్రత్యేక వివాహ చట్టమును చేసినది. ఏ మతమువారు ఏ మతమువారినైనను తమ తమ మతములు విడువకయే, 21 సంవత్సరములు నిండిన పురుషుడు 18 నిండిన స్త్రీని, ముప్పది దినముల నోటీసుతో అధికారి సమక్షమున పెండ్లాడవచ్చును. ఆ చట్టము అమలునకు వచ్చినది 1955 జనవరి 1వ తేదీన. మిస్సమ్మ విడుదలయైనది జనవరి 12న. నడుమ పదునొకండు దినములు!

ఇందు దైవఘటన తప్ప వేరు లేదని నే నెరుగుదును. చిత్రము ఆ చట్టముకంటె ముందే వ్రాయబడినది, తీయబడినది. కాని ఈ సామీప్యము ఒక విషయమును నిర్వివాదముగ తేల్చుచున్నది. మేరీ మేరీగనే రావును పెండ్లాడుటకు ఆనాడు శాసనము అడ్డు కాదు. అడ్డు ప్రేక్షకుడు, లేదా ప్రేక్షకుడు ఇట్లనుకొనునని నిర్మాతలు ఊహించిన అభిప్రాయము. శాసనము తలుపు తీసిన మాసముననే కథ అదే తలుపును పుట్టుమచ్చతో మూసినది. రత్నావళికి జరిగినదే మేరీకి జరిగినది. రావు ప్రేమించినది క్రైస్తవ యువతిని కాదు, ఆదినుండియు జమీందారుగారి బిడ్డయైన మహాలక్ష్మినే యని కథ మనకు నచ్చజెప్పును.

దీనికి సమాధానము చెప్పువారు లేకపోలేదు. ప్రహసనమున అభిజ్ఞానము సంప్రదాయసిద్ధమైన ముగింపు, దానిపై సంఘశాస్త్రపు బరువు మోపరాదని ఒక వాదము. తప్పిపోయిన కూతురి కథ అడుగడుగున రాజు పరిశోధన రూపమున హాస్యమునకు ఆలంబనమైనది గనుక అది లేనిదే చిత్రము లేదని మరియొక వాదము. రెండవ వాదము బలమైనది. అక్కినేని వేసిన ఆ వెఱ్ఱి పరిశోధకుని పాత్ర లేని మిస్సమ్మను నేనును కోరను. సరిగా చూచినచో రచయిత స్వయముగ ఈ అభిజ్ఞానమును కొంత ఎగతాళి చేసినట్లే తోచును. కులీనతను నిరూపించు గంభీరకార్యమును మెనాండరు పెద్దలకు ఒప్పగించెను, హర్షుడు మంత్రుల కొప్పగించెను. చక్రపాణి దానిని ఆడువారి పాదములవంక చూచుచు తిరుగు ఒక అమాయకుని కొప్పగించెను. అయినను ఎగతాళి చేసిన ఉపాయమును ఉపయోగించుకొనకుండ మాత్రము ఉండలేదు. చిత్రమున మేరీ పెంపుడు తల్లిదండ్రులు క్రైస్తవులుగనే యుందురు, సజ్జనులుగనే యుందురు. ఈ నాటి అనేక చిత్రములలో కరవైన మర్యాద అది. ఆ మర్యాద నంగీకరించుచునే, ప్రశ్నకు ఆ చిత్రము జవాబు చెప్పక తప్పించుకొన్నదని నేను భావించుచున్నాను.

తరువాతి మూడు దశాబ్దములను త్వరగా దాటవచ్చును. 1962 నాటి ‘గుండమ్మకథ’లో నటన కొనసాగినది కాని ప్రతిబంధము గుండమ్మ నోటి దురుసుకు పరిమితమైనది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నవలతో ఉద్యోగము చేయు నాయిక ఇంటింటి పేరైనది. అది 1976లో చిత్రమైనప్పుడును అందు ప్రణయమున్నంత ప్రహసనము లేదు. జంధ్యాల 1984లో, పొత్తూరి విజయలక్ష్మి నవల నాధారముగ తీసిన ‘శ్రీవారికి ప్రేమలేఖ’లో చిరునామా తెలియని ఊహాభర్తకు యువతి వ్రాసిన లేఖ ఒక యువకుని చేతిలో పడును. నాయిక తానుగా మొదటి అడుగు వేయుట గమనింపదగినదే. కాని ఆ యడుగు ఆకతాయితనముగ వేసినది. 1987 నాటి ‘అహ నా పెళ్ళంట’లో అడ్డు పిసినారి తండ్రి, మెనాండరు ‘డిస్కొలోసు’లోని మొరటు తండ్రికి దూరపు చుట్టము. ఈ చిత్రములు నవ్వించినంతగా తెలుగున మరేవియు నవ్వింపలేదేమో. వివాహమును గూర్చిన ప్రశ్న మాత్రము వీనిలో ముందునకు కదలలేదు.

కదలిక 1991లో వచ్చినది. బాపు రమణలు మిస్సమ్మను ఎదుట పెట్టుకొని, తిరగవేసి తీసిన ‘పెళ్ళి పుస్తకము’ ఆ యేటి ఏప్రిలు 1వ తేదీన విడుదలయైనది. కథ రావి కొండలరావుది. మిస్సమ్మలో పెండ్లికానివారు ఉద్యోగమునకై పెండ్లియైనట్లు నటించిరి. ఇచ్చట క్రొత్తగా పెండ్లియైన కృష్ణమూర్తి, సత్యభామ ఉద్యోగమునకై పెండ్లికానివారుగ నటింతురు. తిరగవేయుట వలన నవ్వు తెచ్చుట సులభము. కాని ఈ తిరగవేతలో ఒక చారిత్రకార్థము కలదు. 1955 నాటి గ్రామమున జంటగా ఉండుట యోగ్యతాపత్రము. పెండ్లికాని స్త్రీ ఊరిలో ఒంటరిగ ఉపాధ్యాయినిగ నుండుట జమీందారునకు సమ్మతము కాదు. 1991 నాటి నగరమున ఆఫీసుకు కావలసినది సంసారబంధము లేని వ్యక్తి. అనగా మూడున్నర దశాబ్దములలో ఉద్యోగము దాంపత్యమునకు పోషకమగుట మాని ప్రతిపక్షమైనది. ఆఫీసు గోడల నడుమ ఆలుమగలు దొంగచాటుగ కలిసికొనవలసివచ్చును. విచిత్రమేమనగా, తెలుగు తెరపై డేటింగును పోలినది మొదట కనబడినది ఈ వివాహితుల మధ్యనే! పెండ్లియైన పిమ్మట ప్రియులుగ మారుటకు వీరికి అవసరము కల్పించినది యజమాని ప్రకటన. ఈ చిత్రమునకు ఆరుద్ర వ్రాసిన పెండ్లిపాట నేటికిని తెలుగు పెండ్లిపందిళ్ళలో మ్రోగుచున్నది. ఆ పాట విని పీటలపై కూర్చుండు వధూవరులలో ఎందరికి, అది దాంపత్యమును దాచుకొన్న జంట కథలోనిదని జ్ఞప్తి యుండునో తెలియదు.

2000 తరువాత అడ్డు క్రమముగ నాయికానాయకుల లోపలికి చేరినది. శేఖర్ కమ్ముల 2004లో తీసిన ‘ఆనంద్’లో నాయిక రూప పెండ్లినాడు తన తల్లి చీరను గూర్చిన పట్టుదలతో కాబోవు అత్తతో విభేదించి పెండ్లి మానుకొనును. పీటలమీదినుండి లేచిపోవుట అంతవరకు వరుని తండ్రి హక్కు. ‘పెళ్ళి చేసి చూడు’లో ఆ హక్కును వియ్యంకుడు కట్నమునకై వాడెను, ఇచ్చట వధువు ఆత్మగౌరవమునకై వాడినది. ఆ మీదట కథయంతయు ఆమె మరల ఒకరిని నమ్మగలదా యను ప్రశ్నపై నడచును. రెండేండ్ల తరువాత వచ్చిన ‘బొమ్మరిల్లు’లో తండ్రి ఉన్నాడు, కాని ఆయన ‘వద్దు’ అనడు, అన్నియు తానే ఇచ్చును. కొడుకు తనకేమి కావలెనో చెప్పలేకపోవుటయే అచ్చటి ప్రతిబంధము. నందినీరెడ్డి 2011లో తీసిన ‘అలా మొదలైంది’లో వెనుకటి ప్రేమలు విఫలమైన ఇరువురు కలిసికొందురు. తెలుగు కథలో నాయికకు పూర్వప్రణయ ముండుట, అందులకామె ప్రాయశ్చిత్తము చేసికొనవలసిన పని లేకుండుట క్రొత్త. 2016 మార్చిలో ఆమెయే తీసిన ‘కళ్యాణ వైభోగమే’లో పెద్దల ఒత్తిడికి లొంగి, తరువాత విడిపోవుదమను ఒడంబడికతో ఇరువురు పెండ్లాడుదురు. మిస్సమ్మలో పెండ్లి అబద్ధము, లోకమునకు నిజము; ఇచ్చట పెండ్లి నిజము, దంపతులకు మాత్రము అబద్ధము.

ఆ యేటి జులై 29న వెలువడిన తరుణ్ భాస్కర్ ‘పెళ్ళిచూపులు’ ఈ చరిత్రలో విశేషస్థానమునకు అర్హము. పేరులోనే తన తగవు ఎవరితోనో చెప్పుకొన్న చిత్రమది. ప్రశాంతు తన కుటుంబముతో పెండ్లిచూపులకు బయలుదేరి పొరపాటున వేరొక ఇంటికి పోవును. అతడును ఆ ఇంటి పిల్ల చిత్రయు మాటలాడుకొనుటకై గదిలోనికి పోగా తలుపు పడిపోవును. తలుపు తెరచుకొనువరకు చేయునది లేక ఇరువురు తమ తమ వైఫల్యములను చెప్పుకొందురు. అతనికి వంటపై మక్కువ, ఇంజనీరింగుపై అయిష్టము. ఆమెకు స్వంత వ్యాపారము పెట్టి విదేశమునకు పోవలెనను కోరిక, వెనుక చెడిపోయిన ఒక ప్రేమ. చూపులు పొరపాటని తేలిన పిదప వారు పెండ్లికొడుకు, పెండ్లికూతురు కారు. బండిమీద ఆహారము వండి అమ్ము వ్యాపారమున భాగస్వాములగుదురు.

వ్యాసారంభమున చెప్పిన ముందుగదిని ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పెండ్లిచూపుల గది బహుకాలము పరీక్షాశాల; పిల్ల పాడును, నడచును, ఎదుటివారు చూతురు. ఈ చిత్రము ఆ గదిని పడగొట్టలేదు, దాని తలుపును బయటినుండి తెరవరానిదిగ చేసినది. పెద్దలు అవతలనే యుందురు, వారికి వినబడదు. డేటింగునకు తెలుగున మాట లేకపోవచ్చును, చోటు మాత్రము ఆ యర్ధగంటలో ఏర్పడినది. అట్లే, రావు మేరీలకు వలెనే ప్రశాంతు చిత్రలకును ప్రణయము పనిలోనుండియే వచ్చినది. అప్పాపురము పాఠశాల, 1991 నాటి ఆఫీసు, హైదరాబాదు వీథులలో తిరుగు భోజనపు బండి, ఈ మూడును వరుసగా పెట్టి చూచినచో తెలుగు ప్రణయ ప్రహసనమునకు మన్మథుడు నామమాత్రపు దేవత యనియు, ఉద్యోగమే అసలు దేవత యనియు అనిపింపక మానదు. హాలీవుడ్ ప్రణయ ప్రహసనములలో ధనము సమస్య యగుట తక్కువ. 1989 నాటి ‘వెన్ హారీ మెట్ సాలీ’లో నాయికానాయకులు జీతమును గూర్చి చింతించిన సందర్భ మొక్కటియు నాకు జ్ఞప్తికి రాలేదు. స్త్రీపురుషులు స్నేహితులుగా మాత్రమే ఉండగలరా యను ప్రశ్నపై వారు పండ్రెండేండ్లు వాదించుకొనుటకు అవకాశము కలిగినది అందువలననే. ‘పెళ్ళిచూపులు’నకు 64వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఉత్తమ తెలుగు చిత్రముగను, సంభాషణలకును గౌరవము దక్కినది. తరువాత మలయాళ, హిందీ, తమిళములకును అది పోయినది. మిస్సమ్మ బంగాళమునుండి వచ్చినది. ఈ మారు ఎగుమతి మనది.

అయినను ‘పెళ్ళిచూపులు’లోగాని, పైన చెప్పిన క్రొత్త చిత్రములలోగాని, మేరీ విడిచిపోయిన ప్రశ్న మరల లేవలేదు. అడ్డు మనస్సులోనికి చేరిన కొలది కులమతముల ప్రసక్తి వీనిలో తగ్గిపోయినది. సంఘములో తగ్గి కాదు. కులాంతర, మతాంతర వివాహములు విషాదచిత్రములకు వస్తువులై, నవ్వు చిత్రములనుండి మాత్రము తొలగిపోయినవి. నవ్వునకును నెత్తురునకును ఇట్టి శాఖావిభాగ మేర్పడుట ఆరోగ్యలక్షణము కాదని నా యభిప్రాయము.

2022 జూను 10వ తేదీన విడుదలయైన వివేక్ ఆత్రేయ చిత్రము ‘అంటే సుందరానికి’ ఆ ప్రశ్నను మరల ప్రహసనములోనికి తెచ్చినది. ఆచారపరాయణమగు బ్రాహ్మణ కుటుంబమునకు చెందిన సుందరుడు, క్రైస్తవ కుటుంబమునకు చెందిన లీలా థామస్ వివాహమాడ నిశ్చయించుకొందురు. శాసనమును గూర్చి వారికి సందేహము లేదు. తల్లిదండ్రుల యెడల భయము కలదు. వారి యుపాయము నటనయే. తనకు సంతానయోగ్యత లేదని సుందరుడు తన వారితో, తాను గర్భవతినని లీల తన వారితో అబద్ధమాడుదురు. ఈ లోపములతో మరియొక సంబంధము దొరకదు గనుక పెద్దలే దిగివచ్చెదరని వారి లెక్క. నటన తన దారిన తాను పెరిగి, ఆడినవారినే చుట్టుకొనును.

చిత్రము దాదాపు మూడు గంటల పొడవున నున్నది; ప్రథమార్ధమున కొంత తగ్గించియుండవలసినది. హాస్యమున మిస్సమ్మ పాటి తేలికతనము దీనికి లేదు. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదువుట మాత్రము పరిశోధక విద్యార్థులకు ప్రయోజనకరము. రెండింటను హిందూ యువకుడు, క్రైస్తవ యువతి, అబద్ధము, మోసపోయిన పెద్దలు. రెండింటను సాక్ష్యమునకు పిలువబడినది దేహమే. మేరీ కాలి పుట్టుమచ్చ ఆమె ఎవరికి పుట్టినదో చెప్పినది. సుందరుడు, లీల తమ దేహములపై కల్పించిన మాటలు మాత్రము పుట్టుకను గూర్చినవి కావు, పుట్టబోవు వారిని గూర్చినవి. పూర్వము కుటుంబము అడిగినది ‘ఈమె ఎవరి బిడ్డ’ యని. ఇప్పుడు అడుగుచున్నది ‘వీరికి బిడ్డ కలుగునా’ యని. అబద్ధములు బయటపడిన తరువాత ఇరు కుటుంబములవారు మతమును గూర్చి గాక తమ పిల్లలు తమ్మెంత కష్టపెట్టిరో దానిని గూర్చి వాపోవుదురు. పెద్దలకు నిజము చెప్పి, ఆ చెప్పినదానివలన కలుగు నొప్పిని భరించి పెండ్లాడుట మిస్సమ్మలో రావు మేరీలకు తప్పిపోయిన దృశ్యము. లీల చివరివరకు లీలా థామసుగనే యుండును. ఆమె మరియొకరి బిడ్డయని తేల్చుటకు ఈ చిత్రమున ఏ మేనల్లుడును బయలుదేరలేదు.